ఈ మధ్య మేము చదివిన పుస్తకాలు, విన్న పుస్తకాలు



మామూలుగా ఇక్కడ ఒక వాక్యభాగం తీసుకొని, దాని మీద మాకు దొరికిన నాలుగు తలంపులు రాస్తుంటాం. ఈసారి అలా కాదు. గడిచిన నాలుగైదు నెలల్లో మేమిద్దరం, అంటే మీ పాస్టరు, పాస్టరమ్మ, కలిసి పూర్తిచేసిన కొన్ని పుస్తకాల గురించి చెప్పాలనుకుంటున్నాం. వాటిలో కొన్ని చదివినవి, కొన్ని విన్నవి. ఒక పుస్తకం విషయంలో సంఘం ముందు మేము ఒప్పుకోవలసిన సంగతి కూడా ఉంది. అది చివర్లో చెబుతాం. ముందే చెబితే మిగతావి ఎవరూ చదవరు.

ఇదంతా కంటి ఆపరేషన్‌తో మొదలైంది. సంక్రాంతి వెళ్ళాక పాస్టరు కుడికంట్లో శుక్లం తీశారు. నల్లద్దాలు, రోజుకు ఆరుసార్లు చుక్కల మందు, తలస్నానం వద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు. కొన్నాళ్ళు చదువు కూడా తగ్గించమన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పుస్తకం ముందు కూర్చోవడం ముప్పై ఏళ్ళుగా అలవాటైన మనిషికి చేతులు కట్టేసినట్టయింది. ఇంట్లో అందరి మీదా విసుక్కోవడం మొదలైంది. పాస్టరమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి ఫోనులో ఒక ఆడియో పుస్తకం పెట్టి, "నాన్నా, కళ్ళు మూసుకొని చెవులు తెరుచుకో" అంది.

అలా మొదట విన్నది జాన్ బన్యన్ రాసిన యాత్రికుని ప్రయాణము. దాని తెలుగు పుస్తకం పాత విశ్వాసుల ఇళ్ళల్లో కనబడుతుంది, అట్ట ఊడిపోయి, మొదటి పేజీలో పెళ్ళి తేదీలూ పిల్లల పుట్టిన తేదీలూ రాసిపెట్టి. మేము విన్నది మాత్రం ఇంగ్లీషులో. లిబ్రివాక్స్ అని ఒకటి ఉంది. 2005లో మొదలైంది. కాపీహక్కుల గడువు తీరిపోయిన పాత పుస్తకాలను ఎక్కడెక్కడివాళ్ళో పైసా తీసుకోకుండా చదివి, రికార్డు చేసి, అందరికీ ఉచితంగా పెడతారు. కొన్ని పుస్తకాల్లో ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చదువుతారు. ఒకరి గొంతు తేనెలా ఉంటుంది, ఇంకొకరికి ఆ రోజు జలుబు చేసినట్టుంటుంది. మా ఇంగ్లీషు అంతంత మాత్రం. అమ్మాయి మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పేది, పాస్టరమ్మ తెలుగు పుస్తకం ఒళ్ళో పెట్టుకొని ఆ చోటు వెతికి చదివేది. మొత్తం మూడు వారాలు పట్టింది.

బన్యన్ గిన్నెలకు మాట్లు వేసుకొని బతికిన మనిషి. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని 1660లో పట్టుకుపోయి పన్నెండేళ్ళు జైల్లో పెట్టారు. అక్కడ కూర్చొని బూట్ల లేసులు తయారుచేసి, అమ్మి, ఇంటికి డబ్బు పంపేవాడు. ఇంట్లో ఒక ఆడపిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. కళ్ళకు గంతలు కట్టుకొని వింటున్నవాళ్ళకు ఆ సంగతి ఎలా తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. పుస్తకం 1678లో అచ్చయింది.

ఈ పుస్తకాన్ని మేము పాతికేళ్ళుగా ప్రసంగాల్లో వాడుకున్నాం. నిరాశ అనే బురదగుంట, మాయా సంత, సందేహపు కోట, అన్నీ మీరు మా నోట విన్నవే. కానీ మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిన వింటే వేరే పుస్తకంలా అనిపించింది. మొదటి రోజే పాస్టరమ్మ ఆపమంది. యాత్రికుడు భారం మోసుకొని బయలుదేరుతుంటే భార్యాపిల్లలు వెనక్కి పిలుస్తారు. అతను చెవుల్లో వేళ్ళు పెట్టుకొని పరుగెత్తిపోతాడు. "ఇదేం భక్తి? వంట చెరుకు లేదు, పిల్లలు చిన్నవాళ్ళు, ఈయన మోక్షానికి పరుగెత్తుతున్నాడు" అంది. పాస్టరు అది సాదృశ్యమని, అక్షరార్థంగా తీసుకోకూడదని చెప్పబోయాడు. "సాదృశ్యమే. ఈ సాదృశ్యం విని నిజంగానే అలా వెళ్ళిపోయినవాళ్ళ భార్యలు నా దగ్గరకొచ్చి ఏడుస్తారు, మీ దగ్గరకు రారు" అంది. పాస్టరు మాట్లాడలేదు.

అందుకే మాకిద్దరికీ రెండో భాగమే ఎక్కువ నచ్చింది. 1684లో వచ్చింది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ. యాత్రికుడి భార్య, నలుగురు పిల్లలు, ఒక పొరుగింటి అమ్మాయి, వీళ్ళ ప్రయాణం. వీళ్ళకు తోడుగా ధైర్యశాలి అనే మార్గదర్శి ఉంటాడు. దారిలో కుంటివాడు కర్రలతో వచ్చి కలుస్తాడు, మనసు దిటవులేనివాడు కలుస్తాడు. ఎవరినీ వదిలి వెళ్ళరు. నడక నెమ్మదవుతుంది. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు ఎంత నడవగలడో గుంపు అంతే నడుస్తుంది. నిరాశా రాక్షసుడు చచ్చాక ఆ కుంటివాడు ఒక కర్ర చేత పట్టుకొనే నాట్యం చేస్తాడు. అమ్మాయి ఆ చోటు మూడుసార్లు వేసింది. ఎప్పుడూ భయపడుతూ బతికిన ఒక మనిషి గురించి కూడా అందులో చెబుతాడు. బురదగుంట దగ్గరే నెల రోజులు పడి ఉన్నవాడు, తీరా చివరి నది దాటే రోజు వచ్చేసరికి నీళ్ళు ఎన్నడూ లేనంత తక్కువగా ఉన్నాయట. మొదటి భాగం ఒంటరిగా గెలిచిన మనిషి కథ. సంఘం అంటే ఏమిటో తెలియాలంటే రెండోది వినాలని మా అభిప్రాయం.

మేము ఇలా వింటున్నామని తెలిసి మన సంఘ పెద్దల్లో ఒకాయన నవ్వారు. "విన్నదాన్ని చదివామని ఎలా చెప్పుకుంటారు అయ్యగారూ? పక్కవాడు తింటుంటే మన కడుపు నిండుతుందా?" అన్నారు. మాట పసందుగానే ఉంది గాని మేము ఒప్పుకోలేదు. మన మందిరంలో చాప మీద ముందు వరసలో కూర్చునే పెద్దమ్మల్లో చాలామందికి అక్షరం రాదు. కీర్తనలు కీర్తనలే ఒప్పజెబుతారు. పాస్టరు ఒక మాట తప్పు పలికితే కింద నుంచి సరిచేస్తారు. వాళ్ళు ఏ పుస్తకమూ చదవలేదని ఎవరైనా అంటే అనేవాడికే వాక్యం తెలియదు. ఈ ప్రాంతంలో మన ముత్తాతల కాలం నుంచి సువార్త చెవి దారినే వచ్చింది. కన్ను ఆ తర్వాత వచ్చిన చుట్టం.

అయితే వినడంలో ఇబ్బందులు లేకపోలేదు. మధ్యాహ్నం పూట వింటే నిద్ర వస్తుంది. లేచేసరికి యాత్రికుడు మూడు కొండలు దాటి ఉంటాడు. నచ్చిన వాక్యం కింద గీత గీయడానికి ఉండదు. మా అమ్మాయి స్నేహితురాలు రెండింతల వేగంతో వింటుందట, వారానికి మూడు పుస్తకాలు పూర్తవుతాయట. అది మాకు మింగుడు పడలేదు. ఇంటికొచ్చిన మనిషిని త్వరగా మాట్లాడి వెళ్ళిపొమ్మన్నట్టు ఉంటుంది. ఇంకొక మాట, బండి నడుపుతూ చెవుల్లో తీగలు పెట్టుకోకండి. మూడు ఊళ్ళ సంఘాలకు తిరిగే మాకు ఆ శోధన ఎంత పెద్దదో తెలుసు, అయినా చెబుతున్నాం.

టాల్‌స్టాయ్ కథ ఒకటి మందిరం అరుగు మీద శనివారం సాయంత్రం అందరికీ వినిపించాం. 1885 నాటిది. అసలు ఇది ఫ్రాన్సు దేశపు బాప్టిస్టు పాస్టరు రూబెన్ సైయాన్ రాసిన కథ, టాల్‌స్టాయ్ దాన్ని తన రష్యా దేశానికి తెచ్చుకొని తిరగరాశాడు. మార్టిన్ అనే చెప్పులు కుట్టేవాడు నేలమాళిగలో ఉంటాడు. ఒక్కటే కిటికీ. అందులోంచి దారిన పోయేవాళ్ళ పాదాలు మాత్రమే కనిపిస్తాయి. బూట్లు చూసి మనిషిని గుర్తుపడతాడు, ఎందుకంటే ఆ బూట్లలో ఎక్కువ భాగం అతని చేతుల్లోంచి పోయినవే. భార్యా పోయి, ఉన్న ఒక్క కొడుకూ పోయి, దేవునితో గొడవ పడ్డ మనిషి. రేపు నీ దగ్గరకు వస్తానని ప్రభువు చెప్పినట్టు వినిపిస్తుంది. రోజంతా కిటికీ వంక చూస్తుంటాడు. వచ్చింది మంచు ఊడ్చే ముసలివాడు, పలచటి బట్టల్లో చంటిబిడ్డ తల్లి, ఆపిల్ పళ్ళ ముసలమ్మ, ఆమె బుట్టలో చెయ్యి పెట్టిన కుర్రవాడు. మిగతాది మీరే వినండి.

మన సంఘంలో ఈ పని మీదే బతికి, ఇప్పుడు చూపు ఆనక మానేసిన తాతగారు ఉన్నారు. కథ అయ్యాక అందరూ ఏసయ్య ఏ రూపంలో వచ్చాడో మాట్లాడుకుంటుంటే ఆయన మాత్రం కిటికీ దగ్గరే ఆగిపోయారు. "నిజమే అయ్యగారూ. చెప్పు అరిగిన తీరు చూస్తే ఆ మనిషి ఏ కాలు ఈడుస్తాడో చెప్పేవాణ్ణి. మొహం చూడక్కర్లేదు. మొహం చూసేంత దగ్గరకు రానిచ్చేవాళ్ళు కూడా కాదు" అన్నారు. మేము ఈ కథ మీద ఎన్నిసార్లు ప్రసంగించామో. ఆ మాట మాకు ఎప్పుడూ తోచలేదు. రష్యా మార్టిన్ పాదాలే చూడడానికి కారణం ఇల్లు. మన తాత పాదాలే చూడడానికి కారణం ఊరు.

గుర్రం జాషువా గారి గబ్బిలం గురించి రెండే మాటలు, ఎందుకంటే తెలియనివాళ్ళు లేరు. 1941లో వచ్చింది. గుడిలోకి తనకు ప్రవేశం లేదు గనుక, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో తన మొర శివుడికి పంపుకుంటాడు ఆ కావ్యంలోని మనిషి. పద్యం అచ్చులో చదివితే మాకు సగం సమాసాలు అర్థం కావు. రాగం తీసి పాడిన రికార్డు వింటే అర్థం కాని సమాసం కూడా గుండెకు తగులుతుంది. వినడమే మేలని మేము నిస్సందేహంగా చెప్పగలిగిన పుస్తకం ఇదొక్కటే. పురాణ కథలు రాస్తున్నాడని ఆయనను మన క్రైస్తవులే దూరం పెట్టిన కాలం ఉంది. తర్వాత ఆయన క్రీస్తు చరిత్రకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. మన పాత మందిరం దూలాల్లో కూడా గబ్బిలాలున్నాయి. ఆ కావ్యం విన్నాక పాస్టరమ్మ వాటిని తరమనివ్వడం లేదు. వాసన మాత్రం భరించలేకుండా ఉంది.

ఇక అసలు సంగతి.

కన్ను కుదుటపడ్డాక మొదట చదివింది క్లౌ దొరగారి జీవితకథ. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ. ఆయన చెబుతుంటే భార్య ఎమ్మా గారు రాసిపెట్టి, ఆయన పోయాక 1914లో అచ్చు వేయించారు. ఇంగ్లీషు పుస్తకం, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన పెద్దలు చెప్పుకునే కథ అంతా అందులో ఉంది. యర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ళ వ్యాపారం మీద తిరుగుతూ సువార్త విని 1866లో బాప్తిస్మం పొందడం, ఆయన వెనుక చుట్టరికాల దారి పట్టుకొని ఒక పల్లె తర్వాత ఒక పల్లె కదలడం. తర్వాత 1876లో మొదలైన కరువు. కూలి పని కల్పించడానికి ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అందులో మూడున్నర మైళ్ళ పని క్లౌ దొరగారు గుత్తకు తీసుకున్నారు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు తవ్వకం, సాయంత్రం వాక్యం. కరువు సహాయం సాగినంత కాలం ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వనన్నారు, అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. సహాయం అయిపోయింది, ఇక పైసా ఇవ్వలేమని చెప్పాక కూడా జనం కదల్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది దొరగారు కాదు. మన తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున, వంతులవారీగా.

ఈ అంకె మాకు కంఠోపాఠం. మా ముత్తవ్వ తల్లి ఆ నీళ్ళలో దిగిన మనిషని ఇంట్లో చెప్పుకుంటారు. ప్రతి జూలైలో ఈ కథ చెబుతాం, చెప్పి హల్లెలూయ అంటాం. ఈసారి పుస్తకం మూసి పాస్టరమ్మ అడిగింది: "ఆ 2,222 మందిలో నలుగురు ఆడవాళ్ళ పేర్లు చెప్పండి." పాస్టరు వెతికాడు. దొరగారి గుర్రం ఎలా ఉండేదో చెప్పగలడు, ఆ నలుగురి పేర్లు చెప్పలేకపోయాడు.

క్లౌ గారి మీద మాకు గౌరవం తగ్గలేదు. నిజానికి పెరిగింది. తన బోధకుల వల్లే జరిగిందని ఆయన దాచకుండా చెప్పుకున్నాడు. ఎమ్మా గారి ఇంకో పుస్తకం ఉంది, 1899 నాటిది, చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథలని దాని పేరు. క్రైస్తవులు కాకముందు మన మాదిగ పెద్దలు ఏ గురువుల దగ్గరకు వెళ్ళారో, ఏ తత్వాలు పాడుకున్నారో అందులో రాసింది. మిషనరీ వచ్చేదాకా వీళ్ళు చీకట్లో కూర్చున్నారని మేము చెబుతూ వచ్చిన మాటకు ఆ పుస్తకమే అడ్డు. పేరయ్య గారు అంతకు ముందే దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగిన మనిషి.

కానీ క్లౌ గారి పుస్తకంలో ఒక చోట మేము ఆగిపోయాం. విశ్వాసులకు ఆయన పెట్టిన మూడు నియమాలు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. మూడోదాంతో జాతరలో డప్పు కొట్టడం పోయింది. అది ఊరి చాకిరి, దాన్ని కాదనడానికి ఎంత ధైర్యం కావాలో మాకు తెలుసు, దాని కోసం దెబ్బలు తిన్నారని కూడా తెలుసు. డప్పుతో పాటు ఇంకేం పోయిందో క్లౌ గారి పుస్తకంలో లేదు. అది ఇంకో పుస్తకంలో ఉంది.

ఆ పుస్తకం జి. కళ్యాణరావు గారి అంటరాని వసంతం. 2000లో వచ్చిన నవల. మన ప్రాంతపు మాట, మన ప్రాంతపు కరువు. రూతు అనే ఆమె కథ చెబుతుంది, తన భర్త రూబేను జ్ఞాపకాల్లోంచి, ఆయన పెద్దల జ్ఞాపకాల్లోంచి. ఎన్నెలదిన్నిలో ఎల్లన్న పాట కట్టేవాడు, ఆడేవాడు. పాట వెంటబడి ఊళ్ళు తిరిగిపోయేవాడు. సుభద్ర అతని కోసం ఎదురుచూసేది. వాళ్ళ కొడుకు శివయ్య. కరువులో శివయ్య, శశిరేఖ పని వెతుక్కుంటూ నడిచి నడిచి బకింగ్‌హాం కాలువ దగ్గరకే వస్తారు. మన కాలువే. అక్కడ ఆకలితో వచ్చిన కూలీలే వీళ్ళను అంటరానివాళ్ళని తరుముతారు. మట్టి తవ్వడానికి కూడా కులం అడ్డం వచ్చింది. ఆ తర్వాతే శివయ్యకు క్రైస్తవులు తారసపడడం, సీమోను కావడం.

క్లౌ గారు గట్టు మీద నిలబడి చూసిన కాలువ ఒకటి, శివయ్య లోపల నిలబడి చూసిన కాలువ ఒకటి. రెండూ చదివితేగాని కాలువ లోతు తెలియదు. ఒకటి చరిత్ర, ఒకటి కల్పన కదా అని ఎవరైనా అంటారేమో. మా ముత్తవ్వ తల్లి గురించి చరిత్ర ఒక అంకె ఇచ్చింది, అందులో ఆమె రెండు వేల రెండు వందల ఇరవై రెండో వంతు. నవల ఆమెకు ఆకలి ఇచ్చింది, కాళ్ళ పగుళ్ళు ఇచ్చింది, నోట్లో మాట ఇచ్చింది.

అన్నం కోసం మారినవాళ్ళని ఈరోజుకీ మనల్ని అంటారు. దానికి మేము చెబుతూ వచ్చిన జవాబు, కాదు, కాదు, సహాయం ఆగాకే బాప్తిస్మాలు జరిగాయి అని. అది నిజమే. కానీ ఈ నవల చదివాక ఆ జవాబు చెప్పే తొందరలో ఏదో సిగ్గు ఉందని తెలిసింది. ఆకలి ఉంది. ఉంటే ఏం? తవ్వుకోవడానికి పార కూడా పట్టుకోనివ్వని చోట ఒకడు నీ పేరు అడిగి, పని ఇచ్చి, పక్కన కూర్చోబెడితే, ఆ అడిగినవాడి దేవుణ్ణి నమ్మడంలో తక్కువతనం ఏముంది? ఇంత కాలం మనం ఆకలిని దాచిపెట్టి విశ్వాసాన్ని చూపించాం.

ఆ నవలతో మేము అన్నిటా ఏకీభవించం. చివరికి వచ్చేసరికి తర్వాతి తరాలు ఆయుధం పట్టిన దారిలో పోతాయి, రచయిత మనసు కూడా అటే. మేము అటు పోలేం. సంఘం గురించి ఆయన రాసినదాంట్లో కొన్ని మాటలు అన్యాయమనిపించాయి, కొన్ని మాటలు అన్యాయం కాదు గనుకే బాధ పెట్టాయి. క్రైస్తవులయ్యాక కూడా ఊళ్ళో కులం పోలేదు, మందిరంలో కూడా పోలేదు అన్నచోట మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇప్పుడు ఒప్పుకోవలసింది. ఈ పుస్తకం మేము కొన్నది కాదు. మూడేళ్ళ క్రితం మన సంఘంలో పెరిగిన ఒక అబ్బాయి, సండే స్కూల్లో బహుమానాలన్నీ తీసుకున్న పిల్లవాడు, పీజీ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. "అయ్యగారూ, ఇది మన కథ. చదివి చెప్పండి" అన్నాడు. మేము అట్ట వెనుక నాలుగు మాటలు చూశాం, రాసినవారు ఎవరో విన్నాం, బీరువా పైన పడేశాం. తర్వాతి ఆదివారం ప్రసంగంలో, యువకులు బైబిలు మూసి నాస్తికుల పుస్తకాలు తెరుస్తున్నారని, అవి విశ్వాసానికి చెదలని అన్నాం. పేరు చెప్పలేదు. చెప్పకపోయినా ఆ రోజు ఆ మాట ఎవరి కోసమో రెండో వరసలో కూర్చున్న అతనికి తెలుసు, వాళ్ళమ్మకు తెలుసు. ఆ సెలవుల తర్వాత అతను మందిరానికి రాలేదు. వాళ్ళమ్మ ప్రార్థన కోరినప్పుడల్లా "దారి తప్పిన బిడ్డ" అని ప్రార్థించాం. చదవని పుస్తకం మీద తీర్పు చెప్పాం. ఆ తీర్పుతో ఒక మనిషిని బయటకు పంపి, తానే వెళ్ళాడని చెప్పుకున్నాం.

మొన్న కంటి చుక్కల మందు కోసం బీరువా పైన వెతుకుతుంటే దుమ్ములో అది చేతికి తగిలింది. ముందు పాస్టరమ్మ చదివింది, రెండు రాత్రుల్లో. తర్వాత ఏమీ మాట్లాడకుండా పాస్టరు బల్ల మీద పెట్టింది.

పుస్తకమంతా ఆ అబ్బాయి పెన్సిల్‌తో గీసిన గీతలున్నాయి. శివయ్యను కాలువ దగ్గర తరిమిన చోట పక్కన మా ముత్తవ్వ తల్లి పేరు రాసి, ప్రశ్నార్థకం పెట్టాడు. ఆమె కథ మేమే సండే స్కూల్లో చెప్పాం. ఎల్లన్న పాటల దగ్గర, "నాయనమ్మకు ఇలాంటివి వచ్చు. చర్చిలో పాడదు" అని రాసుకున్నాడు.

ఆ నాయనమ్మ మన మందిరంలో చాప మీద ముందు వరసలో కూర్చునే పెద్దమ్మే. ఆమె దగ్గరకు వెళ్ళి అడిగాం. నాట్ల పాటలు, కోతల పాటలు, డప్పు మీద పాడేవి, చాలా వచ్చునంది. ఎందుకు పాడలేదని అడిగితే, "లోకం పాటలని మీరే అన్నారుగా అయ్యగారూ" అంది. మాకు ముందున్న పాస్టర్లు అన్నారు, మేము కూడా అన్నాం. అరగంట బతిమాలితే రెండు పాడింది. అమ్మాయి ఫోనులో రికార్డు చేసింది. రెండోదాని మధ్యలో పెద్దమ్మకు మాట గుర్తు రాక ఆగిపోయింది. ఆ మాట తెలిసిన ఇంకొకామె పోయిన సంవత్సరమే చనిపోయింది. ఆమె భూస్థాపన మేమే చేశాం.

అబ్బాయికి ఫోన్ చేశాం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. "చదివాం బాబూ, మూడేళ్ళు ఆలస్యంగా. ఆ ఆదివారం అన్న మాట తప్పు" అన్నాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చివరి భాగం మీకు నచ్చి ఉండదు" అన్నాడు. నచ్చలేదన్నాం. "నాకూ కొన్ని చోట్ల నచ్చలేదు" అని నవ్వాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, ఎక్కువ సేపు పుస్తకం గురించే. మందిరానికి రమ్మని మేము అడగలేదు. అడగాలనిపించింది గాని, అందుకే ఫోన్ చేశామనుకుంటాడని ఊరుకున్నాం. పెద్దవాళ్ళ మందలింపు అందరి ముందు జరిగింది గనుక ఒప్పుకోలు కూడా అందరి ముందే ఉండాలని ఇక్కడ రాస్తామని చెప్పాం. "మీ ఇష్టం అయ్యగారూ" అన్నాడు.

శనివారం సాయంత్రం ఆరున్నరకు అరుగు మీద ఆడియో వినడం కొనసాగుతుంది. వచ్చే వారం నుంచి బన్యన్ రెండో భాగం, తెలుగులో పాస్టరమ్మ చదువుతుంది. వర్షం వస్తే లోపల. మందిరం వెనుక గదిలో ఇనుప బీరువా ఖాళీ చేసి పుస్తకాలు పెట్టాం, ఇప్పటికి పదిహేడు ఉన్నాయి. నోటు పుస్తకంలో పేరు రాసి ఎవరైనా తీసుకెళ్ళవచ్చు. అంటరాని వసంతం కూడా అందులోనే ఉంది, ఆ అబ్బాయిని అడిగే పెట్టాం. దాన్ని తీసుకెళ్ళేవాళ్ళు లోపలి పెన్సిల్ రాతలు మాత్రం చెరపకండి.